వద్దన్నవారికే ముందు శాలువా

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటారు, “ఇరిగేషన్‌లో ఇన్నేళ్ళు చేశారు కదండీ, ఏమేం కట్టారు?” అని. నేను కాలువా కట్టలేదు, లాకూ కట్టలేదు. నా సర్వీసంతా శాలువాలు కప్పించడంతోనే గడిచిపోయింది.

విజయవాడ ఆఫీసులో నా కుర్చీ పేరు సూపరింటెండెంటు. పని మాత్రం సన్మానాలు. పెద్దాయన ఎవరైనా వస్తున్నారంటే చాలు, “ఆయన్ని పిలవండి” అనేవారు. శాలువా ఏ రంగు తేవాలి, దండ ఎవరి చేతికి అందించాలి, ఫొటోలో ఎవరి భుజం పక్కన ఎవరు నిలబడాలి, ఇవన్నీ నాకు కొట్టిన పిండి. ఈ పనిలో ఒక సూత్రం ఉంది. సన్మానం చేయించుకునేవాడు ముందు వద్దంటాడు. “అయ్యో, నాకెందుకండీ ఇవన్నీ” అని చేతులు అడ్డం పెట్టి ఒకడుగు వెనక్కి వేస్తాడు. అది ఆయన మర్యాద. ఆ చేతుల్ని పక్కకు జరిపి కప్పడం మన మర్యాద. వద్దన్నవారికే ముందు కప్పాలని నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి గుమాస్తాకూ చెప్పేవాణ్ణి. నిజంగానే వద్దన్న మనిషిని నా సర్వీసు మొత్తంలో ఒక్కణ్ణే చూశాను. అది కూడా పరాయి దేశంలో, నేను దేశం దాటిన మొట్టమొదటి రోజున.

రిటైరవడానికి కొద్ది నెలల ముందు మాట. మా ఆఫీసులో ఒక ఏఈ, అంటే అసిస్టెంటు ఇంజినీరు అమ్మాయి ఉండేది. సముద్రానికి దగ్గరగా, కాలువ చిట్టచివర ఉన్న ఊరు వాళ్ళది. పోటు వచ్చినప్పుడల్లా మురుగు కాలువ వెంట ఉప్పునీళ్ళు పైకెక్కి వాళ్ళ నాన్న చేను తెల్లగా ఉప్పు తేలిపోయింది. ఆ ఊళ్ళో సగం మంది వరి మానేశారు. వియత్నాంలో ఇలాంటి కాలువలకు ఒక రకం గేటు పెట్టారని ఆ అమ్మాయి చదివింది. సముద్రం పోటు మీద ఉంటే అది దానంతటదే మూసుకుంటుంది, ఆటు మొదలవగానే తెరుచుకుంటుంది. అక్కడి నీటి పరిశోధన సంస్థకు ఏడాది పొడుగునా ఉత్తరాలు రాసి రాసి, చివరికి ఆ సంస్థ డైరెక్టరు చేత ఒక పూట సమయం ఇస్తాననిపించింది. మేము దిగే రోజు మధ్యాహ్నం దాకానే ఆయన అక్కడ ఉంటాడు. సాయంత్రం విమానం ఎక్కి వేరే దేశం వెళ్ళిపోతే మళ్ళీ ఎప్పటికి దొరుకుతాడో తెలియదు. ఆయన సరేనంటేనే ఆ ఊరి కాలువకు గేటు.

ఫైలు పైకి వెళ్ళింది. మన ఆఫీసుల్లో ఫైలు పైకి వెళ్ళేకొద్దీ మనుషులు పెరుగుతారు. రైతు సంఘాల సమాఖ్య చైర్మన్ గారు చేరారు. ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు ఈఈ గారు చేరారు. వారికి తోడుగా మరికొందరు చేరారు. ఒక దశలో ఆ అమ్మాయి పేరే ఎగిరిపోయింది. మనం అసలు ఎందుకు వెళుతున్నామో చెప్పడానికి ఒకరైనా ఉండాలి కదా అని ఎవరికో తోచి మళ్ళీ చేర్చారు. నా సంగతికొస్తే, చైర్మన్ గారు నిక్కచ్చిగా చెప్పేశారు. “అక్కడ డైరెక్టరు గారికి సన్మానం చెయ్యాలా వద్దా? ఈయన లేకపోతే శాలువా నేను మోసుకెళ్ళాలా?”

భవానీపురంలో మా ఇంట్లో ఒకటే హడావుడి. మా ఆవిడ ఆదివారం చర్చిలో నా ప్రయాణం కోసం ప్రత్యేక ప్రార్థన చేయించింది. పాస్టరు గారు విమానం క్షేమంగా ఎగరాలని, క్షేమంగా దిగాలని ప్రార్థించారు. దిగిన తర్వాతి సంగతి ఎవరికీ తట్టలేదు. పెట్టెలో బట్టలకంటే సరంజామాయే ఎక్కువ. ముదురు నీలం రంగు జరీ శాలువా ఒకటి, పూలదండ వాడిపోతుంది కాబట్టి గంధం దండ ఒకటి, గాజు పెట్టెలో మన బ్యారేజీ నమూనా ఒకటి. విమానాశ్రయం తనిఖీలో గాజు పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి “ఇదేంటండీ?” అని అడిగారు. “బ్యారేజీ అండీ” అన్నాను. నన్ను కూడా అటూ ఇటూ చూసి వదిలేశారు.

మేమెక్కిన విమానంలోనే వెనక వరుసల్లో మరో విజయవాడ బృందం ఉంది. ఎరువుల డీలర్లు. బాగా అమ్మినందుకు కంపెనీ వాళ్ళకు విదేశీ షికారు బహుమతిగా ఇచ్చిందట. ఒకళ్ళ మీద ఒకళ్ళు జోకులేసుకుంటూ, పాటలు పాడుకుంటూ వచ్చారు. చైర్మన్ గారు వెనక్కి తిరిగి చూసి “అధికారిక పర్యటనకీ షికారుకీ తేడా తెలిసిపోతుందయ్యా” అన్నారు. ఆ మాట దయచేసి గుర్తుంచుకోండి.

పొద్దున్నే దిగాం. డీలర్లు లోపల సెంటు సీసాల కొట్ల దగ్గర ఆగిపోయారు. మేము సెల్లు కూడా పనిచేయని మనుషులం కాబట్టి తిన్నగా బయటికొచ్చాం. విదేశంలో ఫోను మాట్లాడటానికి ఆఫీసు డబ్బులు మంజూరు చేయలేదు మరి. బయట బోర్డులు పట్టుకుని జనం బారులు తీరి ఉన్నారు. వాళ్ళలో ఒకాయన చేతిలో బోర్డు మీద ‘విజయవాడ గ్రూప్’ అని ఉంది. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కా, టై, నిటారుగా నిలబడిన తీరు చూడగానే చైర్మన్ గారి ముఖం వెలిగిపోయింది.

“చూశావటయ్యా! డైరెక్టరు గారే స్వయంగా వచ్చారు. శాలువా తియ్!”

“సార్, ఆయన కాదేమో సార్,” అంది ఏఈ అమ్మాయి. “నేను ఫొటో చూశాను, డైరెక్టర్ గారికి కళ్ళజోడుంది. పైగా బోర్డు మీద మన డిపార్ట్‌మెంట్ పేరే లేదు సార్.”

“ఊరి పేరుంది కదమ్మా. విజయవాడ నుంచి మనం కాకపోతే ఇంకెవరొస్తారు?”

పొరపాటు నాదా, ఆయనదా అన్నది ఇప్పటికీ తేలలేదు. ఆజ్ఞ ఆయనది, చేతులు నావి. నేను శాలువా మడత విప్పగానే ఆ పెద్దమనిషి కళ్ళు పెద్దవి చేసి “నో, నో!” అంటూ చేతులు అడ్డం పెట్టాడు. ఒకడుగు వెనక్కి కూడా వేశాడు. ఇంకేముంది, నా సూత్రం అక్షరాలా నిజమైంది. అంత ఒద్దికగల మనిషిని నేను మన జిల్లాలో కూడా చూడలేదు. ఇద్దరం చెరోవైపు పట్టుకుని కప్పేశాం. చైర్మన్ గారు దండ వేసి, గాజు పెట్టె చేతుల్లో పెట్టి, ఫొటో వచ్చేదాకా వదల్లేదు. ఆయన చివరి దాకా “నో, నో” అంటూనే ఉన్నాడు. మేము చివరి దాకా మెచ్చుకుంటూనే ఉన్నాం.

తర్వాత ఆయన మమ్మల్ని బస్సు దగ్గరికి తీసుకెళ్ళాడు. అందర్నీ ఎక్కించి, బ్యారేజీని అద్దం ముందు జాగ్రత్తగా నిలబెట్టి, శాలువా సర్దుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఈఈ గారు నావైపు చూశారు. నేను కిటికీవైపు చూశాను. చైర్మన్ గారే తేరుకున్నారు.

“డైరెక్టరే స్వయంగా బండి నడుపుతున్నాడు! కమ్యూనిస్టు దేశం కదయ్యా, ఇక్కడ చిన్నా పెద్దా ఉండదు. మన ఆఫీసర్లు చూసి నేర్చుకోవాలి.”

ఆఫీసరన్నవాడు బస్సులో ఈఈ గారొక్కరే కాబట్టి ఆయన నేర్చుకుంటున్నట్టు తలూపారు. ఏఈ అమ్మాయి పళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. దారంతా వరి చేలు, కాలువలు, అరటి తోటలు, కొబ్బరి చెట్లు, గట్టు మీద బాతులు. రెండు గంటల ప్రయాణం తర్వాత ఈఈ గారు నెమ్మదిగా నావైపు వంగారు. “ఇంత డబ్బు పోసి మనం కంకిపాడు వచ్చామేంటండీ?”

బస్సు నది ఒడ్డున ఆగింది. అక్కడ మైకు పట్టుకున్న ఒక అమ్మాయి నవ్వుతూ మమ్మల్ని పడవ ఎక్కించి లంకకు తీసుకెళ్ళింది. తేనె కలిపిన టీ ఇచ్చారు. ఆడవాళ్ళు పాటలు పాడారు. కొబ్బరి పాలు కాచి బిళ్ళలు చేసే చోట నిలబెట్టి ముక్క ముక్క చేతిలో పెట్టారు. పరిశోధన సంస్థలో ఇవన్నీ ఎందుకున్నాయని ఎవరూ అనుకోలేదు. అధికారిక పర్యటనల్లో చూపించింది చూడటమే మా అలవాటు. ఈఈ గారు పాకం కలియబెడుతున్న మనిషిని “సెకనుకు ఎంత డిశ్చార్జి?” అని ఇంగ్లీషులో అడిగారు. ఆవిడ ఇంకో బిళ్ళ ఇచ్చింది. చైర్మన్ గారు “స్థానిక పంటకు విలువ జోడింపు, రాసుకో” అని నాకు చెప్పారు. ఏఈ అమ్మాయి మాత్రం కనబడినవాళ్ళనల్లా సంస్థ పేరు చెప్పి అడుగుతోంది. అందరూ ఆమెకు కొబ్బరి బిళ్ళలే ఇస్తున్నారు.

ఇంతలో ఒకతను మెడలో పెద్ద కొండచిలువను వేసుకుని వచ్చి, దాన్ని తీసి ఈఈ గారి మెడలో వేయబోయాడు. యాత్రికులు ఫొటో దిగడానికట, ఆ సంగతి తర్వాత తెలిసింది. ఈఈ గారు “నో, నో!” అంటూ చేతులు అడ్డం పెట్టారు. ఒకడుగు వెనక్కి వేశారు. అతను నవ్వుతూ ఆ చేతుల్ని పక్కకు జరిపి పామును కప్పేశాడు. సరిగ్గా నేను శాలువా కప్పిన పద్ధతిలోనే.

చైర్మన్ గారు ముఖం గంటు పెట్టుకున్నారు. “ఏంటయ్యా ఇది? వాళ్ళ పద్ధతిలో సన్మానం అనుకుంటా. మొదట చైర్మన్‌కి కదా వెయ్యాలి? ప్రోటోకాల్ తెలియదా వీళ్ళకి?”

“పామండీ అది,” అన్నాను.

“ఏదైతేనేం! ముందు నాకెయ్యమను!”

ఈఈ గారి మెడలోంచి తీసి చైర్మన్ గారి మెడలో వేయించాను. ఈఈ గారు నాకు అంత కృతజ్ఞతగా నమస్కారం పెట్టడం అదే మొదలు, అదే చివర. చైర్మన్ గారు కళ్ళు గట్టిగా మూసుకుని, ఛాతీ విరుచుకుని ఫొటో దిగారు.

అప్పుడే ఏఈ అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. కొబ్బరి బిళ్ళల కొట్లో వైఫై పట్టుకుంది. ఫోను నా చేతిలో పెట్టింది. పరిశోధన సంస్థ నుంచి సందేశం అది. ‘మీ విజయవాడ బృందం క్షేమంగా చేరింది. చర్చ బాగా జరుగుతోంది. మీ చైర్మన్ గారి ప్రశ్నలు మా డైరెక్టరు గారికి నచ్చాయి. మీరు మాత్రం కనబడలేదు. ఆరోగ్యం బాగుందా?’

డీలర్లు! ఆలస్యంగా బయటికొచ్చి, విజయవాడ అన్న మాట కనబడిన ఇంకో బోర్డు కింద చేరిపోయారన్నమాట. వాళ్ళ షికారులో మేమున్నాం, మా చదువులో వాళ్ళున్నారు. మేము చూపించింది చూశాం, వాళ్ళు చెప్పింది విన్నారు. పొద్దున్నుంచి తేడా ఎవరికీ తెలియలేదు.

ఇదంతా చెబితే చైర్మన్ గారికి కోపం వచ్చింది, అదీ వేరే విషయం మీద. “మనకంటే మంచి ప్రశ్నలడిగిన ఆ చైర్మన్ ఎవడయ్యా?”

“సార్, ఇప్పుడే బయల్దేరదాం సార్. డైరెక్టర్ గారు వెళ్ళిపోతారు,” అంది అమ్మాయి.

అప్పటికే బల్లల మీద భోజనాలు పెడుతున్నారు. పళ్ళెమంత చేపను వేయించి, నిలువునా నిలబెట్టి తెచ్చారు. చైర్మన్ గారు దాన్ని చూశారు. “ఇంతదూరం వచ్చాక అన్నం ముందు నుంచి లేవడం అమర్యాదమ్మా. తినేసి చూద్దాం.”

ఆ అమ్మాయి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. “మా నాన్న చేలో ఈ ఏడు కూడా ఉప్పే పండిందండీ,” అంది, గొంతు లేవకుండా. “ఊళ్ళో వాళ్ళంతా నేను గేటు తెస్తానని ఎదురుచూస్తున్నారు. నేను వెళ్ళి ఏం చెప్పను? చేప బాగుందని చెప్పనా?”

ఇన్నేళ్ళూ నేను కప్పిన శాలువాల వెనక ఇలా ఎంతమంది నిలబడి ఎదురుచూశారో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఫోను తీసుకుని ఆ అమ్మాయీ నేనూ పడవలో ఒడ్డుకు వెళ్ళాం. మా డైరెక్టరు, అంటే మా డ్రైవరు, శాలువా దండలతోనే బస్సు మెట్టు మీద కూర్చుని అన్నం తింటున్నాడు. ఆ అమ్మాయి ఫోన్లో మాటలు టైపు చేసి వాళ్ళ భాషలోకి మార్చి చూపించింది. ఆయన చదివాడు. అమ్మాయి ముఖం చూశాడు. అన్నం గిన్నె మూతపెట్టి, బస్సెక్కి హారను మోగించడం మొదలుపెట్టాడు. లంకలో ఉన్న మావాళ్ళంతా చెవులు మూసుకుని పడవ ఎక్కేదాకా ఆపలేదు. చైర్మన్ గారు చేప తోకను చేత్తో పట్టుకునే వచ్చారు.

సంస్థ ముందు బస్సు ఆగేసరికి డైరెక్టరు గారు పెట్టెతో సహా మెట్ల మీద ఉన్నారు, ప్రయాణానికి సిద్ధంగా. కళ్ళజోడుంది. బస్సులోంచి ముందు మా డ్రైవరు దిగాడు. జరీ శాలువా, గంధం దండ చూసి డైరెక్టరు గారు రెండు చేతులూ చాపి ఎదురొచ్చి, మన దేశం గురించి ఇంగ్లీషులో నాలుగు మంచి మాటలు చెప్పారు. డ్రైవరు వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. డైరెక్టరు గారు చాపిన చేతులు దించేసుకున్నారు.

లోపల్నుంచి డీలర్లు బయటపడ్డారు. వాళ్ళ పెద్ద ఉయ్యూరులో కొట్టున్న మనిషి. నన్ను చూడగానే పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు పరుగెత్తుకొచ్చాడు. “ఏవండీ, పడవ షికారని తీసుకొచ్చి పొద్దున్నుంచి ఉప్పునీళ్ళ మీద క్లాసు పీకారండీ. ఇది ఎప్పటికి అయిపోతుందండీ అని అడిగితే, డెల్టాలో ఉప్పు సమస్య గురించి అడుగుతున్నాననుకుని ఇంకో గంట చెప్పారు. కొండచిలువ ఎక్కడుందండీ?”

చైర్మన్ గారు నా మోచెయ్యి పట్టుకున్నారు. “ముందు సన్మానం. ఆ డ్రైవరు దగ్గర శాలువా లాక్కునిరా. డైరెక్టరు గారు వెళ్ళిపోతున్నారు.”

చైర్మన్లకు నేను కాదని చెప్పడం నా సర్వీసులో అదే మొదటిసారి. “కప్పినది లాక్కోకూడదండీ. సన్మానం లేదు. ఉన్న కాస్త సమయం ఈ అమ్మాయిది,” అన్నాను. ఆయన ముఖం చూసి నాకు భయం వేసింది. పెన్షన్ కాగితాల మీద సంతకాలు ఇంకా కాలేదు. అయినా నోటి నుంచి వచ్చేసింది.

డైరెక్టరు గారు గడియారం చూసుకుని, విచారంగా తల అడ్డంగా ఊపారు. విమానాశ్రయానికి బయల్దేరకపోతే విమానం వెళ్ళిపోతుంది. “మా బస్సులో రండి సార్, దారిలోనే చెబుతాను,” అంది అమ్మాయి. “మా బస్సది!” అన్నాడు ఉయ్యూరు డీలరు. అప్పుడు చైర్మన్ గారే ఆదుకున్నారు, దేశం కోసం కాదనుకోండి. డీలర్లంతా సంస్థ వ్యానులో లంకకు వెళతారట, అక్కడ చేప ఇంకా మిగిలే ఉందట, దారి చూపించడానికి తాను కూడా వెళ్ళాలట. ఈఈ గారినీ మిగతావాళ్ళనీ కూడా తీసుకెళ్ళారు, పాము దగ్గర తోడుగా.

బస్సులో మిగిలింది డైరెక్టరు గారు, అమ్మాయి, డ్రైవరు, నేను. యాత్రికులు పాటలు పాడుకోవడానికి అందులో ఒక టీవీ, మైకు ఉన్నాయి. డ్రైవరు ఆ అమ్మాయి ఫోను దానికి తగిలించి మైకు ఆమె చేతికిచ్చాడు. టీవీలో వాళ్ళ ఊరి కాలువ కనబడింది, తెల్లగా ఉప్పు తేలిన చేను కనబడింది. ఆ అమ్మాయి ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో మైకు పట్టుకుని దారంతా చెప్పింది. డైరెక్టరు గారు మొదట గడియారం చూసుకున్నారు, తర్వాత చూడలేదు. మధ్యలో లేచి టీవీ దగ్గరికెళ్ళి వేలితో గీస్తూ ప్రశ్నలడిగారు. ఆమె మాట ముగించి మైకు దించగానే, అది పాటనుకుని టీవీ తొంభైకి పైగా మార్కులు వేసి చప్పట్లు కొట్టింది. డైరెక్టరు గారు పగలబడి నవ్వారు. నవ్వుతూనే, గేటు డ్రాయింగులు పంపిస్తానని, కాలువ చూడటానికి తన మనిషిని కూడా పంపుతానని మాటిచ్చారు. అమ్మాయి అప్పుడు ఏడ్చింది.

పొద్దున దిగిన చోటే ఆయన్ని దించాం. నేను డ్రైవర్ని ఫోను సాయంతో అడిగాను, మా కోసం ఇంత ఎందుకు చేశావని. ఆయన టైపు చేసి చూపించాడు. ‘నా ఉద్యోగమంతా ఇక్కడ బోర్డు పట్టుకుని నిలబడటమే. అందరూ బోర్డు చదువుతారు. నా ముఖం ఎవరూ చూడరు. ఇంకెవరో అనుకునే కావచ్చు, మీరు నేను వద్దంటున్నా దండ వేశారు.’ చదివి నాకు సిగ్గేసింది, సంతోషమూ కలిగింది. ఆయన నెంబరు తీసుకున్నాను.

నేను రిటైరయ్యాక ఆ ఊళ్ళో గేటు పెట్టారు. ఒకటే, చిన్నది. ప్రారంభానికి నన్నూ పిలిచారు. చైర్మన్ గారు మైకు పట్టుకుని, తాను వియత్నాం వెళ్ళి ఎన్ని కష్టాలకోర్చి, మెడ మీదికి తెచ్చుకుని ఈ విజ్ఞానం సంపాదించారో చెప్పారు. మెడ సంగతి మాత్రం నిజం. నేను వెనక్కెళ్ళి కాలువ గట్టు మీద నిలబడ్డాను. పోటు మొదలైంది. ఎవరూ ముట్టుకోకుండానే గేటు మెల్లగా మూసుకుంది. అవతల ఉప్పునీళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఏఈ అమ్మాయి వాళ్ళ నాన్న చెప్పులు విప్పి నీళ్ళలోకి దిగి, ఇవతలి నీళ్ళు దోసిట్లో తీసుకుని నాలుక మీద వేసుకుని చూశాడు. ఇంకో దోసెడు తాగాడు.

ఆలోపు వేదిక మీంచి నా పేరు పిలిచారు. నేను పెట్టిన గేటు కాదు, గీసిన డ్రాయింగు కాదు. “నాకొద్దండీ, నిజంగా వద్దు,” అంటూ చేతులు అడ్డం పెట్టాను. ఒకడుగు వెనక్కి కూడా వేశాను. జనం చప్పట్లు కొట్టారు. ఏఈ అమ్మాయే నా చేతుల్ని పక్కకు జరిపి శాలువా కప్పింది. “వద్దన్నవారికే ముందు కప్పాలని మీరే కదా సార్ చెప్పేవారు!”

ఇంటికొచ్చాక ఆ ఫొటో డ్రైవరుకి పంపించాను. వెంటనే ఆయన్నుంచి ఫొటో వచ్చింది. బస్సు అద్దం ముందు మన బ్యారేజీ అలాగే ఉంది. దాని కింద ఒక ప్రశ్న. ఫోను దాన్ని తెలుగులోకి మార్చి చూపించింది.

‘ఇంతకీ వాళ్ళు మిమ్మల్ని ఎవరనుకున్నారు?’